అమ్మ డబ్బా పలకడం లేదు

సంతోష్‌నగర్,
జూన్ 9.

అన్నా,

నువ్వు సంచి సర్దుకుని ప్రకృతి ఒడిలోకి వెళ్లావో లేదో, ఇక్కడ అమ్మ డబ్బా చచ్చింది. ఎర్ర దీపం వెలుగుతోంది. పక్కనున్న పచ్చ దీపం నాలుగైదు సార్లు కన్ను కొట్టి ఊరుకుంటోంది. మీటలు ఎన్ని నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మీ ఆశ్రమానికి ఫోన్ చేశాను. గొంతు తేనెలో నానబెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఎత్తాడు. "అత్యవసరమా తల్లీ? ఎవరైనా కాలం చేశారా?" అన్నాడు.

"లేదండీ, బోర్డు పోయింది."

"ఏ బోర్డు? ఇంటర్మీడియెట్ బోర్డా?"

"మా అమ్మ మాట్లాడే డబ్బాలో ఉండే బోర్డు. మా అన్న మీ దగ్గర షుగర్ తగ్గించుకుంటున్నాడు, ఒక్క నిమిషం పిలవండి."

"ఇక్కడ సాధకులకు ఫోన్ ఉండదమ్మా. ఉత్తరాలకు మాత్రమే అనుమతి. రాయి. మనసు తేలికపడుతుంది" అని పెట్టేశాడు. రాస్తున్నాను. ఇంకా తేలికపడలేదు.

డబ్బాను గుజరాతీ గల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణానికి తీసుకెళ్లాను. అమ్మకు పక్షవాతం వచ్చి నోరూ కుడిచేయీ పడిపోయాయని, బుర్ర మాత్రం కత్తిలా ఉందని, ఎడమచేత్తో ఈ పెద్ద మీటలు నొక్కితే ఇది ఆమె బదులు మాట్లాడుతుందని చెప్పాను. ఫోన్‌తో మాట్లాడించొచ్చు కదా అన్నాడు. వణికే వేలికి ఫోన్ తెర ఒక అక్షరం బదులు పది కొడుతుందని, అమ్మ ఆ ఫోన్‌ను వదిన మీదికి విసిరిందని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆయన మూత తీసి, ఏటీఎం కార్డంత ఉన్న ఆ బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెమరీ కార్డు తీసేసి కొత్తది ఏస్త మేడం. మొత్తం సాఫ్ అయితది."

"సాఫ్ అయితే లోపలున్నదంత ఏమైతది?"

"గదే కదా, సాఫ్ అయితది."

డబ్బా లాక్కుని వచ్చేశాను. ఏడాదిగా అమ్మ ఒక్కో అక్షరం నొక్కి దాచుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. పాలాయనకు వేరే, కూరగాయలామెకు వేరే, వదినకైతే ఏకంగా ఒక పేజీ. వాటి నకలు నీ ల్యాప్‌టాప్‌లో ఉంది. నీ ల్యాప్‌టాప్ ఆశ్రమం బీరువాలో ఉంది. ఏం చెయ్యాలో నువ్వే రాయి.

ఇంకో మాట, ఎవరికీ చెప్పకు. ఇల్లు మస్తు ప్రశాంతంగా ఉంది. తిట్లన్నీ డబ్బాకు నువ్వు పెట్టిన ఆ రైల్వే స్టేషన్ ప్రకటన మగ గొంతులో వినీ వినీ, నిన్న అన్నం తింటుంటే నేను నమిలే చప్పుడు నాకే వినిపించి ఉలిక్కిపడ్డాను.

నీ చెల్లెలు,
స్వరూప


నిర్మలధామం ప్రకృతి చికిత్సాలయం,
వికారాబాద్ దాటాక అడవిలో ఎక్కడో,
జూన్ 16.

స్వరూపా,

నీ ఉత్తరం అందేసరికి నా పొట్ట మీద బురద ఆరుతోంది. ఇక్కడ పొద్దున బురద, మధ్యాహ్నం ఉడికించిన సొరకాయ, సాయంత్రం ఆ సొరకాయ ఉడికిన నీళ్లు. నా పక్క మంచం ఆయన నిద్రలో "కబాబ్" అని కలవరిస్తే, పొద్దున్నే కౌన్సెలింగ్‌కు పిలిచారు.

పచ్చ దీపం నాలుగైదు సార్లు మెరిసి ఆగిందంటే బోర్డు బతికే ఉంది. లేవబోయి ఎక్కడో చతికిలబడుతోంది. ఎక్కడో తెలియాలంటే దానికి తెర లేదు కదా అనుకుంటున్నావేమో. ఆ బోర్డు లేచేటప్పుడు తను చేసే ప్రతి పనీ గొణుక్కుంటూ చేస్తుంది, అచ్చం నాయినలాగా. ఆ గొణుగుడు వినడానికి మూడు తీగలు చాలు. దాన్ని సీరియల్ కన్సోల్ అంటారు. మీ వదిన మున్నీకి ఆ పేరు చెప్పకు. టీవీ సీరియల్ అనుకుని కూర్చుంటుంది.

గుజరాతీ గల్లీలోనే యూఎస్‌బీ సీరియల్ కేబుల్ అని అడుగు. మూడు పాయింట్ మూడు వోల్టులది అని గట్టిగా చెప్పు, ఐదు వోల్టులది అంటగడితే తీసుకోకు. ఒక కొస మీ ల్యాబ్ ల్యాప్‌టాప్‌కు పోతుంది, రెండో కొసన నాలుగు తీగలుంటాయి. బోర్డు మీద రెండు వరసల్లో సూదులున్నాయి చూడు. బయటి వరసలో మూల నుంచి మూడో సూదికి నల్ల తీగ, నాలుగో దానికి తెల్లది, ఐదో దానికి పచ్చది. ఎర్ర తీగ మాత్రం దేనికీ తగిలించకు. అది కరెంటుది. బోర్డుకు కరెంటు వేరే ఉంది. రెండు వైపుల నుంచి తినిపిస్తే నా బోర్డు కాలిపోతుంది. నాకు ఒక వైపు నుంచి కూడా తినిపించడం లేదు, అది వేరే సంగతి.

ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్ తెరవాలో వెనక రాశాను. ఏం కనిపించిందో రాయి.

ప్రేమ్‌రాజ్


సంతోష్‌నగర్,
జులై 2.

అన్నా,

ఏమీ కనిపించలేదు. నల్ల తెర, మూలన ఆడుతున్న ఒక గీత. అంతే. మూడు తీగలూ నువ్వు చెప్పిన సూదులకే తగిలించాను. రోగుల నరాల్లో సూది గుచ్చేదాన్ని, ఆ మాత్రం చేతకాదా? డబ్బా ఆపి మళ్లీ వేశాను. పచ్చ దీపం కన్ను కొట్టింది. తెర మీద మాత్రం చీమ కూడా పాకలేదు.

ఈలోగా అమ్మకు పలక ఇచ్చాను. ఎడమచేత్తో రాసింది ఈసీజీ కాగితంలా వచ్చింది. పలకను కిటికీలోంచి పారేసింది. తర్వాత ఒక పటం చేశాను. అక్షరాల మీద వేలు పెడితే నేను కూడబలుక్కుంటాను కదా అని. అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ రాసేసరికి అది దుప్పటంత అయింది. మొన్న వంటింట్లో ఏదో చెప్పబోయింది. "ప" చూపించింది, కొమ్ము వెతికింది, వత్తు వెతికింది. నేనేమో పుస్తకమా, పుట్టినరోజా అని అడుగుతున్నాను. ఈలోపు పప్పు మాడిపోయింది. ఆమె చెబుతున్నదీ అదే.

వదిన సంతోషం దాచుకోలేకపోతోంది. టీవీ రిమోట్ ఇప్పుడు ఆమె నడుములోనే ఉంటోంది. అమ్మ మంచాన్ని వెనక గదిలోకి మార్చింది. అక్కడ గాలి బాగా వస్తుందట. వెనక గదిలో కిటికీ ఎక్కడుందో నువ్వు చెబితే వెతుక్కుంటాం.

స్వరూప


నిర్మలధామం,
జులై 11.

స్వరూపా,

తెల్లదీ పచ్చదీ ఒకదాని చోట ఒకటి మార్చు. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలవాలి. నోటికి నోరు, చెవికి చెవి కలిపితే ఎవరికీ ఏమీ వినబడదు. కొన్ని కేబుళ్లలో రంగులు తారుమారుగా వస్తాయి.

నాకు ఈ వారం మౌనవ్రతం ఇచ్చారు. భయపడ్డాను గానీ, బాగుందే. ఎవరూ ఏమీ అడగరు. నేను ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. నిదానంగా చెయ్యి, తొందరేముంది? రెండున్నర కిలోలు తగ్గాను.

ప్రేమ్‌రాజ్


సంతోష్‌నగర్,
జులై 27.

అన్నా,

తీగలు మార్చాను. డబ్బా వేయగానే తెర నిండా పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు, అరబ్బీనో తమిళమో తెలియని పురుగులు. దాని అర్థం ఏంటని నిన్ను అడిగి పది రోజులు కూర్చోదలుచుకోలేదు. ప్రోగ్రామ్‌లో వేగం అని ఒక చోట అంకెలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ మారుస్తూ పోయాను. లక్షా పదిహేను వేల రెండొందల దగ్గర పురుగులన్నీ చక్కగా ఇంగ్లీషు అక్షరాలై నిలబడ్డాయి. అరిచేశాను. వదిన గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

అది నిజంగానే గొణుగుతుంది అన్నా. పేజీలకు పేజీలు. చివర ఆగిపోయి, కార్డులో ఫైళ్ల వరస చెడింది, మనిషే వచ్చి బాగుచెయ్యాలి, ఎంటర్ నొక్కండి అని అడుగుతోంది. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. దాని మాట నాకు చేరుతోంది, నా మాట దానికి చేరడం లేదు.

ఇక అసలు సంగతి. ఆదివారం నగేష్ కాక వచ్చాడు. నాయిన తమ్ముడు కదా, నాయిన పోయాక మన ఇంటికి తానే పెద్దనన్న వేషం తెలుసు కదా. చేతిలో రంగురంగుల కాగితం. శంషాబాద్ పక్కన ముసలివాళ్లను చూసుకునే చోటట.

"వదినెను ఇంట్ల పెట్టుకొని మీరు నౌకర్లకు ఎట్ల పోతరు? గాడ టైముకు తిండి, టైముకు మందు. ఆమెకు కూడ నిమ్మలం" అన్నాడు.

"అమ్మను అడగాలె కదా కాకా."

"అడిగితే చెప్తదా? చెప్పలేని మనిషిని అడిగి ఏం ఫాయిదా?"

అమ్మ మా ఇద్దరి మధ్యనే కూర్చుని ఉంది. ఆయన ఆ కాగితంతో ఆమె తల మీదుగా విసురుకుంటున్నాడు. అమ్మ పటం లాక్కుని "న" మీద వేలు పెట్టింది. తర్వాత గుడిదీర్ఘం. "నీళ్లు గావాల్నట" అన్నాడు కాక. వదిన గ్లాసు తెచ్చి నోటికి పెట్టింది. అమ్మ పెదవులు బిగించింది. నీళ్లు గదవ మీద నుంచి జాకెట్ మీదికి కారాయి. "చూసినవా, తాగనీకి కూడ రాదు" అన్నాడు కాక.

నీళ్లు కాదని నాకు తెలుసు. మిగతా అక్షరాలు వెతికేంత ఓపిక ఆ గదిలో ఎవరికీ లేదు. నాకూ లేదు, నాకు ల్యాబ్‌కు టైమైంది. రోజంతా ఆ తడిసిన జాకెట్టే కళ్ల ముందు ఆడింది.

ఇల్లు ప్రశాంతంగా ఉందని రాశాను చూడు, ఆ ముక్క కొట్టెయ్. ఆ ఉత్తరం చింపెయ్.

ఒకటి అడుగుతాను. ఉత్తరానికి ఒక్క ముక్క చెబుతున్నావేంటి? అన్నీ ఒకేసారి రాస్తే మీ వాళ్లు సొరకాయ పెట్టరా? కాక వచ్చే నెల ఆ హోం మేనేజర్‌ను వెంటబెట్టుకుని వస్తాడట.

స్వరూప


నిర్మలధామం,
ఆగస్టు 4.

స్వరూపా,

ఒక్క కేబుల్ కొనడానికి రెండు వారాలు తీసుకున్న మనిషి నన్ను నిదానం అంటోంది. నీ ల్యాబ్ నుంచి గుజరాతీ గల్లీకి ఆటోలో ఎంత దూరమో నాకు తెలియదా? నీకూ నాకూ ఇద్దరికీ తొందర లేదు. అది ఇద్దరికీ తెలుసు. ఇంతకంటే ఈ విషయం మనం మాట్లాడుకోకపోతే మంచిది.

కాగితం వెనకా ముందూ మొత్తం రాశాను. ప్రోగ్రామ్‌లో "హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్" అని ఉంటుంది. దాన్ని ఆపెయ్. అది అవతలి వాళ్లు "ఇక చెప్పు" అని సైగ చేసేదాకా నీ మాటను గుమ్మంలోనే ఆపుతుంది. ఆ సైగ రావడానికి వేరే తీగ కావాలి. మన దగ్గర ఉన్నవి మూడే. అందుకే నీ ఎంటర్ దానికి చేరలేదు. అది ఆపితే చేరుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డూ, తర్వాత కొట్టాల్సిన ఆదేశమూ చిన్న చీటీ మీద ఇంగ్లీషులో రాసి జత చేశాను. పాస్‌వర్డ్ అమ్మ ముందు పైకి చదవొద్దు.

కాక మేనేజర్‌తో వచ్చేలోపు అవ్వకపోతే చెప్పు, గోడ దూకి వస్తాను. వెనక గోడ చూసి పెట్టుకున్నాను. నేను ఇప్పుడు సన్నబడ్డాను, సందులోంచి కూడా పడతాను. మధ్యలో వెళితే కోర్సు మళ్లీ మొదటి నుంచి చెయ్యాలంటున్నారు. చేస్తాను. సొరకాయ ఎక్కడికి పోతుంది?

ఆ నీళ్ల సంగతి మళ్లీ మళ్లీ చదివాను.

ప్రేమ్‌రాజ్


సంతోష్‌నగర్,
ఆగస్టు 17.

అన్నా,

గోడ దూకకు.

నీ ఉత్తరం వర్షంలో తడిసి ఆలస్యంగా వచ్చింది. చించి చదివేసరికి కాక, ఆ మేనేజర్ మెట్లెక్కుతున్నారు. డబ్బాను ముందు గది మధ్యలో, టీ కప్పుల పక్కనే పెట్టి తీగలు తగిలించాను. "ఏందమ్మా ఈ లొల్లి?" అన్నాడు కాక. "గ్యాస్ రిపేర్" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఫ్లో కంట్రోల్ ఆపి ఎంటర్ నొక్కాను. కింద కొత్త వరస పుట్టింది! పాస్‌వర్డ్ అడిగింది. చూస్తూ కొట్టడం కుదరక చీటీ వదినకిచ్చి చదవమన్నాను. నువ్వు వద్దన్నది అప్పుడు గుర్తు రాలేదు. వదిన గొంతెత్తి చదివింది. "ఎ, ఎమ్, ఎమ్, ఎ. సి, హెచ్, యు, పి."

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు అక్షరాలు విని పేర్లు పోల్చిన మనిషి అన్నా ఆమె. "యు" దగ్గరే అమ్మ కనుబొమ్మ లేచింది. అమ్మ చుప్! పోయిందిరా భగవంతుడా అనుకున్నాను. చూస్తే ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని వదిన పరిగెత్తింది. నవ్వుతోంది.

నువ్వు రాసిన ఆదేశం కొట్టాను. అది వరసలు వరసలుగా పరిగెత్తింది, బాగుచేశానంది, బాగుచేశానంది. డబ్బా ఆపి మళ్లీ వేశాను. పచ్చ దీపం మెరిసి, ఆగి, మళ్లీ మెరిసి, ఇక ఆగలేదు. ఆ దిక్కుమాలిన రైల్వే గొంతు గదంతా నిండింది. "నమస్కారం. కృష్ణమ్మ మాట్లాడుతున్నారు." కాక బండి వచ్చినట్టు లేచి నిలబడ్డాడు.

డబ్బాను అమ్మ ఒళ్లో పెట్టాను. ఆమె నొక్కడం మొదలుపెట్టింది. కాక ఏదో అనబోయాడు. "ఆగు కాకా, లైన్ల ఉన్నరు" అన్నాను. అందరం నిలబడి చూశాం. ఎంతసేపైనా పట్టనీ అనుకున్నాను.

"నగేష్. ఆనాడు నేను అడిగింది నీళ్లు కాదు. నీకు సిగ్గున్నదా అని."

కాక కూర్చున్నాడు.

"నీ చేతుల కాగితం చదువు. మొత్తం చదువు."

చదివించింది అన్నా! తోట, భజన హాలు, వారానికోసారి డాక్టరు, అన్నీ పైకి చదివాడు. అమ్మ మేనేజర్ వైపు తిరిగి చాలాసేపు నొక్కింది.

"రూం తలుపుకు గొళ్లెం లోపట ఉంటదా, బయట ఉంటదా?"

"బయటనే ఉంటుందమ్మా, మీ సేఫ్టీ కోసం" అన్నాడు ఆ అబ్బాయి.

"పోయి రాండ్రి."

టీ కూడా తాగకుండా పోయారు. తర్వాత మంచం ముందు గదిలోకి వచ్చింది. రిమోట్ వదిన నడుములోంచి దిగింది. ఇంక నా వంతు. "మీకు మస్తు ఆరాం అయినట్టున్నది ఇన్ని దినాలు" అంది అమ్మ. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎడమచేత్తో నా జుట్టు సరిచేసింది, కొంచెం గట్టిగానే లాగింది.

వదిన కూడా వింత మనిషి. రాత్రి పడుకోబోతూ, "ఆ తిట్లు లేకుంటే ఇల్లు గుయ్యిమంటుండె" అంది. నీకు చెప్పొద్దంది.

స్వరూప

తా.క. అమ్మ నీకు ఉత్తరం రాస్తోంది. నన్ను చూడనివ్వడం లేదు. డబ్బాలో కొట్టి, ముద్రించి తెమ్మంది.


సంతోష్‌నగర్,
ఆగస్టు ఆఖరు.

ప్రేమ్‌రాజ్ బిడ్డా,

ఈ చిట్టి కొట్టనీకి నాకు మూడు దినాలు పట్టింది. నడుమల ఆపకుంట చదువు.

కోర్సు మొత్తం చేసి రా. సగం సగం పన్లు చేసుడు మీ నాయిన అలవాటు. పాస్‌వర్డు మార్పిచ్చిన. కొత్తది చెప్ప.

ఒక పని ఉన్నది. కాలు చేయి ఆడిపిచ్చే డాక్టరమ్మ దగ్గర నాకు బార్కస్ ఆమె ఒకామె కలిసింది. హలీమా బావజీర్. నాకన్న ముందుగాల పడ్డది నోరు. రెండు చేతులు మంచిగనే ఉన్నయి గాని సదువు అంతంతే, కాగితం మీద రాయలేదు. ఎంబడొచ్చిన కోడలు అందరికి చెప్తది, "అమ్మీ తో షురూ సే ఖామోష్ హై" అని, అత్తమ్మ మొదటి సందే చుప్ అని. అట్ల అన్నప్పుడు నేను హలీమా కండ్లు చూసిన. ఆ కండ్లు నాకు తెల్వవా? ఎవ్వరు పుట్టుకతోని చుప్ ఉండరు బిడ్డా. వినేటోళ్లకు టైం లేక ఉంటరు.

నా డబ్బా ఆమె ముందట పెట్టిన. ఆమెకు తెలుగు రాదు. ఊకె ఒక మీట నొక్కింది. అది కూరగాయలామె కోసం నేను పెట్టుకున్న మాట. "ఈ సచ్చు టమాటలు నీ మొగనికి వండి పెట్టు" అని హాలు మొత్తం ఇనవడేటట్టు అన్నది డబ్బా. అందరు ఒక్కటే నవ్వుడు. హలీమా మళ్ల నొక్కింది. మళ్ల నొక్కింది. కోడలు చెయ్యి పట్టుకుంటె ఇడిపిచ్చుకొని మళ్ల నొక్కింది. అది ఏమంటున్నదో ఆమెకు తెల్వదు. తాను నొక్కితే అందరు తన దిక్కు తిరిగిండ్రు, గంతే.

ఆమెకు ఒక డబ్బా చెయ్యి. ఉర్దూల మాట్లాడాలె. అక్షరాల బదులు బొమ్మలు పెట్టు. మొగ గొంతు వద్దు, నాకే ఆ గొంతుతోని స్టేషన్‌ల కూసున్నట్టు ఉంటది. తీగలు స్వరూప కలుపుతది, నేర్సుకున్నది. మున్నీ ఊకె లోపలికి బయటికి తిరుగుతది, మీటలకు బొమ్మలు ఆమెతోని అతికిపిస్త.

ఎక్స్‌ఛేంజ్‌ల ఉన్నన్ని దినాలు ఊరందరి మాటలు కలిపిన. గొంతు వినంగనే చెప్తుంటి, ఈ మనిషి ఎసొంటిదని. మీతోని కొట్లాడాలంటే మజా లేదు, మీరు భయపడ్తరు, లేకుంటే డ్యూటీకి పోతరు. హలీమా భయపడదు. ఆమెకు చెయ్యి ఇడిపిచ్చుకునుడు తెలుసు.

ఆమె గొంతు ఒక్కటి నేను ఇంకా ఇనలే. నోరొచ్చినంక మొట్టమొదలు ఏమంటదో, కోడల్ని తిడ్తదో, నన్ను తిడ్తదో. నేను పక్కన కూసోని వినాలె.

జల్ది రా.

కృష్ణమ్మ